పెద్దమ్మ చేతి పల్లీల భక్ష్యం

గత నెల ఒక ఉదయం నాగర్‌కర్నూల్‌లో కళాశాలకు బయలుదేరుతుండగా వీపనగండ్ల నుంచి మా పెద్దనాయిన కొడుకు ప్రసాదన్న ఫోన్ చేశాడు. “చెల్లె, అమ్మ ఇగ లేదు. పొద్దుగాల చాయ్ అడిగింది. తెచ్చేలోపల పోయింది,” అన్నాడు. చేతిలో సంచితో నేను గడపలోనే కూర్చుండిపోయాను. మా నాయిన అన్నగారి భార్య, నా పెద్దమ్మ శాంతమ్మ ప్రభువు సన్నిధికి చేరింది. పిల్లలకు పద్యాల అర్థాలు చెప్పే నాకు ఆ వాక్యం ఒక్కటి నమ్మడానికి చాలాసేపు పట్టింది.

ఆమె పుట్టినిల్లు వడ్డేపల్లి దాపున, కన్నడ సీమకు దగ్గరి పల్లె. మేం భక్ష్యం అనేదాన్ని ఆమె చివరిదాకా ‘హోళిగ’ అనే పిలిచింది. పొట్టి మనిషి, మంద్రస్వరం. కూలి పనిలో కాయలు కాసిన అరచేతులు. ఆ చేతులు పూర్ణపు ముద్దను ఆకు మీద ఒత్తుతుంటే పైపిండి ఎక్కడా చిట్లేది కాదు.

పెద్దమ్మ, పెద్దనాయిన పెళ్లయిన కొన్నేళ్లకు క్రైస్తవాన్ని స్వీకరించారు. మా అమ్మానాయినలు పాత ఆచారంలోనే ఉన్నారు. అందువల్ల ఇంట్లో కలహం పుట్టలేదు. తాత మరణించినప్పుడు మాత్రం పెద్దకొడుకుగా చేయవలసిన కర్మను పెద్దనాయిన చేయలేనన్నాడు. ఆ కార్యం నాయిన చేశాడు. ఆనాటి నుంచి ఇద్దరి మధ్యా మాటలు లేవు.

ఆ శీతకాలం పంట ఇంటికి చేరాక ఎప్పటిలాగే రెండు కుటుంబాలూ పుణెకు వలస వెళ్లాయి. ఒకే మేస్త్రి కింద, ఒకే కట్టడం దగ్గర, పక్కపక్క రేకుల గుడిసెల్లో ఉన్నాం. అన్నదమ్ములు ఒకే తాడుతో ఇనుపకడ్డీలు పైకి లాగేవారు గాని ఒకరినొకరు పలకరించుకునేవారు కాదు. అప్పటికి నాకు ఊహ తెలిసింది. నాయిన అన్నం కలపకుండా పళ్లెం ముందు కూర్చోవడం ఇప్పటికీ కళ్ల ముందుంది.

క్రిస్మస్ నాడు పనికి సెలవిచ్చారు. ఊరికి వెళ్లే వీలు లేదు. భక్ష్యాలకు శనగపప్పు కొనే డబ్బుల్లేవని ఆడవాళ్లు అన్నం, కూరతో సరిపెట్టుకుందామన్నారు. పెద్దమ్మ ఊరి నుంచి తెచ్చిన పల్లీలు వేయించి, పొట్టు చెరిగి, బెల్లంతో కలిపి దంచింది. పెనం లేదు. కాంక్రీటు మోసే ఇనుప గమేళాల్లో కొత్తదాన్ని ఒకటి ఎంచుకొని, తోమి తోమి కడిగి, మూడు ఇటుకల మీద బోర్లించింది. దానిమీద కాల్చిన తొలి భక్ష్యాన్ని పళ్లెంలో పెట్టుకొని నేరుగా మా గుడిసెకు వచ్చింది.

నాయిన వాకిట్లో పారకు కామ బిగిస్తున్నాడు.

“మర్ది, తిను,” అంది పెద్దమ్మ.

“మీ పండుగ మీరు చేసుకోండ్రి వదినె. నాకెందుకు?”

“పండుగ సంగతి పక్కన వెట్టు. ఇవి మామ ఇత్తిన పల్లీలు. ఆయన చేతుల ఆఖరి పంట.”

నాయిన చేతిలోని పార ఆగింది. దాన్ని గోడకు ఆనించాడు. తర్వాత ఒక తునక తుంచి నోట్లో వేసుకున్నాడు. తల వంచుకొనే నమిలాడు.

“అన్న తిన్నడా?” అని అడిగాడు.

“నువ్వు తినంది ముట్ట అన్నడు.”

నాయిన లేచి, పళ్లెం అందుకొని పెద్దనాయిన గుడిసెకు నడిచాడు. ఏం మాట్లాడతాడో విందామని నేను వెనకే వెళ్లాను. అన్న పక్కన కూర్చొని పళ్లెం మధ్యలో పెట్టాడు. పెద్దనాయిన మిగిలింది రెండుగా చేసి, పెద్ద ముక్క తమ్ముడి వైపు జరిపాడు. గుమ్మం దగ్గర అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పెద్దమ్మ అప్పటికే గమేళా దగ్గరికి తిరిగి వెళ్లింది. అక్కడ రెండో భక్ష్యం మాడిపోతోంది.

నాటి నుంచి మా క్రిస్మస్ భోజనానికి పల్లీల భక్ష్యమే తీపి. ఉగాదికి మా ఇంటి నుంచి శనగపప్పువి ఆమె ఇంటికి వెళ్లేవి. వడ్డించేటప్పుడు ఆమెది ఒకే నియమం. “ముందుగాల అలిగినోళ్లకు పెట్టాలె. మనోళ్లు యాడికి పోతరు, ఎనుక తింటరు,” అనేది. ఊళ్లో ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో ఆమెకు తెలుసు. పండుగనాడు ఆమె పళ్లెం ఏ వాకిట్లోకి వెళ్తుందోనని జనం గమనించేవారు.

పెద్దమ్మ కోడలు, మా వదినె, కాపురానికొచ్చిన మొదటి ఏడాది క్రిస్మస్‌కు బేకరీ నుంచి కేకు తెచ్చింది. చుట్టాల్లో కొందరు ముఖం చిట్లించారు. పెద్దమ్మ అందరికన్నా ముందు తాను ముక్క తీసుకుని, “మెత్తగున్నది, పండ్లు లేనోళ్లకు మంచిగ,” అని నవ్వింది. ఆ తర్వాత కేకూ భక్ష్యమూ ఒకే పళ్లెంలో వచ్చేవి.

చివరి సంవత్సరాల్లో మధుమేహం వచ్చి దవాఖానాలో తీపి మానమన్నారు. మానింది. వండడం మాత్రం మానలేదు. పూర్ణం నా నోట్లో పెట్టి, “బెల్లం సరిపోయిందా, జర చెప్పు బిడ్డా. నాకిప్పుడు తెల్వదు,” అని నా ముఖంకేసి చూసేది. తాను రుచి చూడలేని తీపిని అంత శ్రద్ధతో చేసిన మనిషిని నేను మరొకరిని చూడలేదు. మొన్నటి క్రిస్మస్‌కు నిలబడే ఓపిక లేక మంచం మీది నుంచే చెబుతుంటే నేనూ వదినె చేశాం. నాయిన చిన్న తునక తీసుకెళ్లి, “ఒక్కటి తిను వదినె, ఏం గాదు,” అన్నాడు. కళ్లు మూసుకొని తింది. “ఇలాచి ఎక్కువేసిండ్రు,” అంది.

సమాధి దగ్గర పాస్టరు ప్రార్థన చేశాడు. అంతకుముందే పోయిన పెద్దనాయిన పక్కనే ఆమెకు చోటు. వలస పోయినవాళ్లు దొరికిన బస్సు పట్టుకొని వచ్చారు. అందరూ వెళ్లిపోయాక కూడా నాయిన అక్కడే కూర్చున్నాడు. చేయి పట్టుకొని లేపబోయాను.

“అన్న పోయిన్నాడు వదినె ఉన్నదనుకున్న,” అన్నాడు. “ఇగ నన్ను మర్దీ అని పిలిచేటోళ్లు ఎవరూ లేరు.”

పట్టుకున్న చేయి వదలకుండా నేనూ ఆయన పక్కనే కూర్చున్నాను. పెద్దమ్మా, నువ్వుంటే పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టేదానివి.