వానకు ఆగినవాళ్ళు చెప్పిన అక్షరాలు

పాసయ్యాను! అరవై ఎనిమిదేళ్ళ వయసులో బి.ఏ. పాసయ్యాను! మా వంశంలో మొదటి డిగ్రీ నాదే. మనవరాలు ఫోనులో ఫలితం చెబుతుండగానే, మిర్యాలగూడలోని మా ఇంటి రేకుల మీద వాన దడదడా మొదలైంది. తడిసిన గోనెపట్టా వాసన వచ్చింది. ఆ వాసనకు పడవ మల్లయ్య మామ గుర్తుకు రాకుండా ఉంటాడా?

నైజాం పాలన చివరి రోజులవి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి మా ఊరు. పాత కోట, పాత గుళ్ళు, కింద రేవు. నది పొంగితే మామ పడవ కట్టేసేవాడు. దాటలేక ఆగినవాళ్ళను తన గుడిసెలో కూర్చోబెట్టి, గోనెపట్టా కప్పి, ఉడకబెట్టిన పల్లీలు దోసిట్లో పోసి, "మా కాడ ఆగినోళ్ళు ఒక అక్షరం చెప్పి పోవాలె" అనేవాడు. ఆయనకు చదువు రాదు. బొగ్గుతో గోడ మీద రాయించుకునేవాడు. వాన రోజుల్లో కూలి ఉండదు కాబట్టి నేనూ అక్కడే ఉండేదాన్ని. కోదాడ బట్టల వ్యాపారి తన ఊరి పేరులోని 'డ' చెప్పాడు. ఒక ముసలాయన తన పేరులోని 'క్ష' చెప్పాడు. మూడు వానాకాలాల్లో గోడ నిండింది. ఏ కాగితం దొరికినా కూడబలుక్కుని చదివేదాన్ని.

నాకు పదేళ్ళు రాగానే దొర గడీలో వెట్టికి పంపమని కబురొచ్చింది. నాన్న తల వంచుకున్నాడు. మామ మాత్రం "వానలు ఎల్లంగనే పంపుతమని చెప్పు. గప్పటికి పిల్ల బడిల ఉంటది" అన్నాడు.

మిర్యాలగూడలో ఆడపిల్లలను ఉంచుకుని తెలుగు చదివించే క్రైస్తవుల బడి ఉండేది. ముసురు పట్టిన ఒక రోజు పడవ కట్టేసి, కోడి కూసే వేళకే ఇద్దరం బయల్దేరి తడుస్తూ నడిచాం. మేము చేరేసరికి పంతులు బడికి తాళం వేస్తున్నారు.

"అక్షరాలు వరుసగా చెప్పు" అన్నారు.

నేను 'డ'తో మొదలుపెట్టాను. తర్వాత 'క్ష'.

"అక్షరాలే రావు. వచ్చే ఏడు రండి" అని మెట్టు దిగబోయారు. కుండపోత పట్టింది. వెనక్కి వచ్చి చూరు కింద నిలబడ్డారు.

"వచ్చే ఏటికి పిల్ల గడీల బాసన్లు తోముతుంటది సారూ" అన్నాడు మామ. "ఇప్పుడు మీరు గూడ వానకు ఆగిన్రు. మా రేవుల ఆగినోళ్ళు అక్షరం చెప్పాలె. పిల్లకు జర వరుస చెప్పున్రి."

"ఇది నీ రేవా?"

"వాన యాడ ఆపితే గాడనే నా రేవు."

పంతులు పకపకా నవ్వారు. 'అ' దగ్గర మొదలుపెట్టారు. అన్నీ నాకు తెలిసినవే, వరుస ఒక్కటే తెలియదు. వాన వెలిసేసరికి మొత్తం అప్పజెప్పాను. ఆయన తాళం తీసి, లోపల పుస్తకంలో నా పేరు రాసుకున్నారు: యాదమ్మ.

ఐదో తరగతి కాగానే పెళ్ళి చేశారు. తర్వాత నలభై ఏళ్ళకు పైగా పొలం, పిల్లలు. అర్హత పరీక్ష రాసి, దూరవిద్యలో మళ్ళీ పుస్తకం పట్టాక మామ పద్ధతే పట్టాను. మా ఇల్లు బస్టాండు పక్కనే. వసారాలో వానకు నిలబడ్డ ఎవరినీ ఊరికే వదల్లేదు. ఆర్థికశాస్త్రం ఒక కాలేజీ పిల్ల చెప్పింది. ఇంగ్లీషు ఒక బస్సు కండక్టరు చెప్పాడు.

ఇప్పుడూ వసారాలో ఎవరో తలగుడ్డ పిండుకుంటున్నారు. ఉండనీ, ముందు ఫోన్లు చేయాలి. కోదాడలో తమ్ముడికి. సూర్యాపేటలో పెద్దమ్మాయికి. చిలుకూరులో వియ్యపురాలికి, "ముసల్దానివి, నీకెందుకొదినా సదువు" అన్నది ఆమే కాబట్టి రెండుసార్లు. హాలియాలో మల్లయ్య మామ కోడలు లచ్చమ్మకు. ఆమెకింకా చదువు రాదు. ఈ వానలు పోయేలోగా మా ఇంటికి రమ్మనాలి.