ఓబుళమ్మ దవడలో ఎవరి ఎముక

2022లో మా క్లినిక్ బెంగళూరులో యలహంక పాత ఊరి వైపు ఉండేది. నేను చిగుళ్ళ డాక్టర్ని. సాయంత్రమయ్యేసరికి నడుము పట్టేసి, నోరు విప్పాలన్నా బద్ధకించే రోజులవి. అలాంటి సాయంత్రమే ఓబుళమ్మ వచ్చింది. కదిరి వైపు నుంచి వచ్చి, బిల్డింగు పనుల్లో ఇటుకలు మోసే మనిషి. వెంట కూతురు భారతి, బెళ్ళందూరులో ఆఫీసు ఉద్యోగం.

ఓబుళమ్మకు కుడివైపు దవడ పళ్ళు ఎప్పుడో పోయాయి. ఎడమవైపు కింద మిగిలిన రెండూ కదులుతున్నాయి. చిగురు కింద ఎముక కరిగిపోయింది. రాగి సంగటి తినేవాళ్ళు ముద్దను నమలరు, మింగేస్తారు. అందుకే పళ్ళు పాడైన సంగతి వాళ్ళకు ఆలస్యంగా తెలుస్తుంది. ఈ మాట ఎంతమందికి చెప్పానో నాకే విసుగు.

"మింగి మింగి యాష్టకొచ్చింది డాక్టరమ్మా. ఆ రెండన్నా నిలబెట్టు. నాలుగు చెనిక్కాయలు నమిలి తినల్ల" అంది.

చిగురు తెరిచి, వేళ్ళ చుట్టూ శుభ్రం చేసి, కరిగిన చోట ఎముక నింపడాన్ని బోన్ గ్రాఫ్ట్ అంటాం. ఆమె దవడ వెనక నుంచే కొంచెం గీరి తీయవచ్చు, కానీ అది ఇంకో గాయం, దొరికేదీ తక్కువ. సింథటిక్ పొడి ఉంది, ఆమెకున్న గుంతకు అది సరిపోతుందని నాకు నమ్మకం లేదు. మూడోది జీనోగ్రాఫ్ట్, అంటే శుద్ధి చేసిన పశువు ఎముక పొడి. త్వరగా కరగదు. నేను దానివైపే మొగ్గాను.

తల్లి బయట కూర్చుని ఉండగా ఇదంతా విన్న భారతి గొంతు తగ్గించింది. "ఆవుది అంటే అమ్మ ఒప్పుకోదు మేడమ్. జస్ట్ పౌడర్ అని చెప్పండి. నేను సైన్ చేస్తాను."

నిజం చెప్పాలంటే ఆశ పుట్టింది. మళ్ళీ మొదటినుంచీ నచ్చజెప్పే ఓపిక నాలో లేదు. పైగా ఆ పిల్ల కోరేదీ తల్లి మంచే. కానీ నోరు తల్లిది. ఆమెను లోపలికి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఓబుళమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. "ఆవుల్ని సాకి బతికినోళ్ళం. అది నోట్లో పెట్టుకొని అన్నమెట్ల తినేదమ్మా? ఇంకో గాయమైనా కానీ, నాదే తియ్యి."

అలాగే చేశాను. దొరికిన ఎముక రెండింటికీ చాలలేదు. ముందు పన్ను గట్టిపడింది. వెనకదాన్ని కొన్ని నెలల తర్వాత తీసేయక తప్పలేదు. ఆ రోజు భారతి నన్ను సూటిగా అడిగింది, చెప్పకుండా ఉంటే రెండూ దక్కేవి కదా అని. దక్కేవేమో. కాదని ఇప్పటికీ అనలేను.

ఓబుళమ్మే నోట్లో దూది పక్కకు తీసి బదులిచ్చింది. "డాక్టరమ్మను యాల అంటావు పాపా? నాకు తెలీకుండా పెట్టింటే, తెలిసిన దినం రెండూ పీకిచ్చుకునేదాన్ని."

అప్పటినుంచి ఏ గ్రాఫ్ట్ మేలో చెప్పే ముందు అది ఎక్కడినుంచి వచ్చిందో చెబుతున్నాను. కొందరు లేచి, పొడి అని మాత్రమే చెప్పే ఇంకో క్లినిక్‌కు వెళ్ళిపోతారు. ఒళ్ళు అలిసిపోయిన సాయంత్రాల్లో అది బాధగానే ఉంటుంది. అయినా తర్వాత వచ్చినవాళ్ళకూ ముందు అదే చెబుతాను.