పెళ్ళికూతురికి చెప్పనివ్వని మాట

ఇరవై రెండేళ్ళుగా ఒక తప్పును మోస్తున్నాను. ఈ ఇరవై రెండేళ్ళలో నేను రాయని విషయం లేదు. బాల్యవివాహాల మీద రాశాను. బోగంమేళాల మీద రాశాను. దయ్యాల మీద, దిష్టి మీద, ముహూర్తాల మీద రాశాను. ఎదుటివాడి అబద్ధాన్ని నడివీధిలోకి ఈడ్చడంలో నాకు పేరుంది. ఆ పేరు చూసే మీరు నన్ను నమ్మి చదువుతూ వచ్చారు. అందుకే మీకు చెబుతున్నాను.

అప్పట్లో నేను గోదావరి కాలవల నడుమ ఒక చిన్న పట్నంలో, ధర్మాసుపత్రిలో కాంపౌండరుని. పగలు మందులు కలపడం, సాయంత్రాలు సంస్కరణ సమాజంలో ఉపన్యాసాలు. చెప్పుకోలేని చోట జబ్బు చేసినవాళ్ళు ఆసుపత్రి ముందు గుమ్మంలోంచి వచ్చేవారు కారు. వెనక, మందులు నూరే గదివైపు వచ్చేవారు. డాక్టరుగారు చూసి చీటీ రాసేవారు. లేపనం ఇవ్వడం, ఎలా రాసుకోవాలో చూపించడం, ఇంట్లో ఏం చెప్పాలో బోధపరచడం నా పని. కోటు వేసుకున్న తన ముందు బిగుసుకుపోయే మనిషి, పంచె కట్టుకున్న నా ముందు నోరు విప్పుతాడని ఆయన నమ్మకం. అలా ఆఖరి మాట ఎప్పుడూ నా నోట ఉండేది.

ఒక కోర్టు గుమాస్తా రెండేళ్ళపాటు అలా వెనకనుంచి వచ్చాడు. మూడు నాలుగు నెలలకోసారి పొక్కులు గుత్తిగా లేచేవి, చిట్లేవి, పదిరోజుల్లో మానేవి. మళ్ళీ వచ్చేవి. సవాయి రోగం, అంటే సిఫిలిస్, కాదని డాక్టరుగారు తేల్చారు. దీన్ని హెర్పీస్ అంటారనీ, ప్రాణం తీయదనీ, పూర్తిగా పోదనీ నాకు చెప్పారు. "అంటుకుంటుందా లేదా అన్నది పుస్తకాలు ఇంకా తేల్చలేదయ్యా. నేను చూసిన మొగుడూపెళ్ళాలకి మాత్రం అంటుకుంది" అన్నారు.

ఆ గుమాస్తాయే మా సమాజంలో చేరి, వితంతువును పెళ్ళాడతానని ముందుకొచ్చాడు. అలాంటి వరుడు దొరకడం ఆ రోజుల్లో ఎంత కష్టమో ఇప్పటివారికి చెప్పినా నమ్మరు. పెళ్ళికూతురు కోనసీమ పల్లె పిల్ల. పద్దెనిమిదేళ్ళుంటాయి. తన తొమ్మిదో ఏట పోయిన మొగుడి ముఖం కూడా ఆమెకు గుర్తులేదు. ఇంట్లో చెప్పకుండా పడవెక్కి మా దగ్గరకు వచ్చేసింది. నన్ను అన్నయ్యగారూ అని పిలిచేది.

పెళ్ళికి వారం ముందు డాక్టరుగారు నన్ను పిలిచారు. జబ్బు సంగతి ఆ అమ్మాయికి ముందే చెప్పమని గుమాస్తాతో చెప్పమన్నారు. పొక్కులున్న రోజుల్లో దగ్గరికి వెళ్ళకూడదనీ చెప్పమన్నారు. ఎలా చెప్పాలో అతనికి తెలియకపోతే మాటలు నన్నే నేర్పమన్నారు. "విన్నాక వద్దంటే, అది ఆ పిల్ల ఇష్టం" అన్నారు.

గుమాస్తా వచ్చాడు. చెప్పాను.

"చెప్పక తప్పదాండీ?" అన్నాడు. "చెబితే ఆవిడ వచ్చిన పడవలోనే తిరుగు ప్రయాణమండీ. నాకు పెళ్ళాం పోతుంది, మీకు పెళ్ళే పోతుంది."

నవ్వబోయాడు. నాకు నవ్వు రాలేదు. అరుగుల మీద కూర్చుని మమ్మల్ని ఆడిపోసుకునే పెద్దమనుషులు కళ్ళ ముందు మెదిలారు. ముండమోపికి రోగిష్టి మొగుడు దొరికాడట, ఆ పెళ్ళీ తప్పిపోయిందట. ఆ మాట చెవిన పడ్డట్టే అయింది.

"ఇప్పుడు పొక్కులున్నాయా?"

"లేవండి. రెండు నెలలైంది."

"అయితే చెప్పొద్దు."

"మరి డాక్టరుగారు..."

"అంటుకుంటుందని రుజువు లేదు. రుజువు లేనిదాన్ని పట్టుకుని ఆడపిల్లను భయపెట్టడం మూఢత్వం."

రుజువు! దయ్యాలను తరమడానికి నేను వాడిన మాట అది. దానితోనే ఒక మనిషి నోరు మూశాను. నిజంగా రుజువు కోసమేనా? కాదు. అంటుకోదని కూడా రుజువు లేదు కదా. ఆ ప్రశ్న నాకు తట్టింది. తట్టిందని నాకు బాగా గుర్తుంది. దాన్ని పక్కకు నెట్టి లేపనం డబ్బా మూత బిగించాను.

పిల్లల్ని ఎత్తుకొచ్చి బలవంతంగా కట్టబెడుతున్నామని ఊరు అనేది. అందుకని మా పెళ్ళిళ్ళలో ఒక ఆచారం పెట్టుకున్నాం. పీటల మీద కూర్చున్న పెళ్ళికూతుర్ని, నీకిది ఇష్టమేనా అని నలుగురి ముందూ మూడుసార్లు అడగాలి. ఆ రోజు అడిగింది నేను. మూడుసార్లూ ఇష్టమేనంది. మూడోసారి తల ఎత్తి మరీ అంది. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆరు నెలలకు ఆమె ఆసుపత్రి వెనక గుమ్మంలోకి వచ్చింది. ఒళ్ళు కాలిపోయే జ్వరం. అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది. డాక్టరుగారు చూసి నావైపు తిరిగి, "అతనికి చెప్పావా?" అని అడిగారు. చెప్పమన్నాను అన్నాను. మొదట చెప్పమనే అన్నాను కదా. అలా సమర్థించుకున్నాను.

ఈలోగా మొగుడు సమాజం పెద్దల దగ్గర ఇంకో కథ మొదలుపెట్టాడు. జబ్బు ఆమే తెచ్చిందట. వితంతువు కదా, ఇన్నేళ్ళూ ఎలా ఉందో ఎవరికి తెలుసట. వితంతువుల శీలాన్ని శంకించేవారిని వేదికలెక్కి తిట్టిన మావాళ్ళే ఆ మాట నమ్మారు.

డాక్టరుగారు బదిలీ మీద వెళ్ళిపోయాక ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి మందుకోసం కాదు.

"అన్నయ్యగారండీ, నేనే తెచ్చానంటున్నారు. ఆయన పెట్టెలో పాత డబ్బాలు చూశానండి. వాటి మీద మీ చేతిరాతే ఉంది. ఎప్పట్నుంచండీ ఇది ఆయనకి?"

"రోగుల సంగతి బయటపెట్టకూడదమ్మా."

"నాకు చెప్పకపోతే పోనీండి. నేను తెచ్చింది కాదని వాళ్ళకొక్క మాట చెప్పండి చాలు."

నేను కల్వంలో మందు నూరుతూనే ఉన్నాను. అప్పటికే బాగా నలిగిపోయిన మందు.

ఆమె గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఇష్టమేనా అని మూడుసార్లు అడిగారు కదండీ. అడిగేముందు ఒక్కసారి చెప్పి అడగాల్సిందండీ."

పెద్దలు నన్ను పిలిచి అడిగారు. నీకేమైనా తెలుసా అన్నారు. తెలియదన్నాను. మొగుడు ఆమెను వదిలేశాడు. పుట్టింటికి వెళ్ళే దారి ఆమెకు లేదు. రాజమహేంద్రవరంలో మిషనువారి పంచన చేరిందని విన్నాను. అక్కడికి పడవమీద ఒక పూట ప్రయాణం. నేను వెళ్ళలేదు.

ఉద్యమం కోసం అబద్ధమాడానని చాలాకాలం అనుకున్నాను. ఆ ఉద్యమం ఎవరి కోసం? ఆమె కోసమే కదా? మరి ఆమెను పణంగా పెట్టి నేను కాపాడింది ఏమిటి? నా ఉపన్యాసాలనా? రోగి రహస్యం అన్నాను. దాన్ని బద్దలుకొట్టే అవసరమే రాకుండా, అతని నోటితోనే చెప్పించే అవకాశం నా చేతికి వచ్చింది. దాన్ని నేనే పారేశాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమెను అడగకుండా దాన్ని బయటపెట్టే హక్కు నాకు లేదు. ఆ పెళ్ళికి వచ్చినవారు గుర్తుపడతారు. ఆ రోజు నమ్మినవారికే ఇది చేరాలి. దీనివల్ల ఆమెకు ఒరిగేదేమీ ఉండకపోవచ్చు. రాస్తుంటే గుండె తేలికపడుతున్నది నాకే. అందుకు సిగ్గుగానే ఉంది. అయినా ఆమె అడిగింది ఒక్క మాట, అది రాస్తున్నాను.

ఆ జబ్బు ఆమె తెచ్చింది కాదు. పెళ్ళికి రెండేళ్ళ ముందునుంచే అతనికి ఉంది. నాకు తెలుసు. చెప్పొద్దన్నది నేనే.