సీసా వెనక బొగ్గు గీత

నా చిన్నప్పుడు, వానలు వరుసగా మూడో ఏడు కూడా ఎగ్గొట్టినప్పుడు, మా ఇంటికి వచ్చిన చుట్టాలు రెండే రెండు. అవి స్పీకరు పెట్టెలు. బెళుగుప్ప చుట్టుపక్కల ఊళ్లలో డేరా వేసి సినిమాలు ఆడించే టూరింగ్ టాకీసు ఆయన వాటిని ఎద్దులబండి మీద తెచ్చి మా వాకిట్లో దించాడు. నా భుజం ఎత్తున్న టేకు పెట్టెలు. ఏళ్ల తరబడి ఎండలో, దుమ్ములో తిరిగి వాటి పాలీషు పొలుసులుగా లేచిపోయింది. ఎవరో పైన టీ గ్లాసులు పెట్టిన గుండ్రటి తెల్ల మరకలు కూడా ఉన్నాయి. మనుషులకు మెతుకు దొరకని ఊళ్లో పెట్టెలకు సింగారమేమిటని ఇరుగుపొరుగు నవ్వారు. నాకు మాత్రం వాటిని చూస్తే ప్రాణం లేచొచ్చింది. మా నాయన చేతికి పని తగిలి అప్పటికి ఏడాది దాటింది మరి.

మా నాయన వడ్రంగి. వయసులో ఉన్నప్పుడు బళ్లారిలో కుర్చీలు, బీరువాలు చేసే అంగట్లో పాలీషు పని కూడా నేర్చుకున్నాడు. ఎడ్లనే అమ్ముకుంటున్న కరువులో దున్నే మడకలు, బండిచక్రాలు ఎవరికి కావాలి? మా అమ్మ రోడ్డు మీద కరువు పనికి పోయి కంకర కొట్టేది. సాయంత్రానికి ఆమె అరచేతులు చూస్తే నాకు అన్నం మీద ధ్యాస పోయేది, అన్నం ఉన్న రోజున. టాకీసు ఆయన పెట్టెలు దించి, మా నాయన భుజం తట్టి చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తు.

"ఏమప్పా, పెండ్లికొడుకుల మాదిరి చేసియ్యల్ల రెండిటినీ. పని నాకు నచ్చిందనుకో, నిన్ను డేరాతోనే పెట్టుకుంటా. కుర్చీలు, పెట్టెలు అన్నీ నువ్వే చూసుకుందువు."

ఆయన పెట్టెలతోపాటు ఒక పొట్లంలో లక్క, పెద్ద సీసా నిండా స్పిరిట్టు ఇచ్చి పోయాడు. లక్కను స్పిరిట్టులో నానబెడితే పాలీషు అవుతుంది. ఆ సీసా చూసి మా అమ్మ ముఖం మాడిపోయింది. అవి మద్యనిషేధం రోజులు. బయట చుక్క దొరకని ఆ కాలంలో పాలీషు పని చేసేవాళ్లు కొందరు ఆ స్పిరిట్టుకే అలవాటు పడేవారు. మా నాయన కూడా రెండుసార్లు తాగి, తలనొప్పితో రెండేసి రోజులు మంచం దిగలేదు. మా అమ్మ ఆ సాయంత్రం ఆయన ఎదురుగా నిలబడి, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఇంగొక్కసారి దాన్ని నోట్లో పోసుకుంటే పాపను తీసుకోని మా అమ్మోళ్లూరికి పోతా. మళ్లా నువ్వొచ్చి పిలిచినా రాను."

ఆమె ఊరికే బెదిరించే మనిషి కాదు. అది మా నాయనకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే మర్నాడు పొద్దున ఆయన నన్ను పిలిచి సీసా నా చేతికిచ్చాడు. పొయ్యిలోంచి ఒక బొగ్గు ముక్క తెప్పించి, స్పిరిట్టు ఎంతవరకు ఉందో అక్కడ సీసా మీద గీత పెట్టమన్నాడు. పని కోసం వంచుకున్నప్పుడల్లా పాత గీత తుడిచి కొత్త గీత పెట్టాలి. మధ్యలో గీత కంటే కిందికి దిగిందంటే నేను వెంటనే అమ్మకు చెప్పాలి. తన మీద తానే కాపలా పెట్టుకున్న మనిషిని నేను ఆ తర్వాత ఎక్కడా చూడలేదు. తాగుబోతు అని ఆయనను ఒక్క మాటలో తేల్చేసిన మా బంధువులకు ఈ సంగతి తెలియదు, తెలిసినా పట్టించుకునేవాళ్లు కాదు.

పని మొదలైంది. లోపలి స్పీకర్లు విప్పి మంచం మీద పడుకోబెట్టాం. పగిలిన గాజుపెంకు అంచుతో పాత పాలీషు గీకడం నాకు నేర్పాడు. తర్వాత ఉప్పు కాగితంతో చెక్క చార పోయినవైపే రుద్దాలి, అడ్డంగా ఒక్కసారి రుద్దినా ఆ గీత కడదాకా కనిపిస్తుంది. సుద్దపొడి, ఎర్రమట్టి జాజు కలిపి చెక్క సందుల్లోకి పట్టించాం. దాని మీద రంగు, రంగు మీద పాలీషు. పాత పంచె గుడ్డలో దూది పెట్టి చిన్న ఉండలా కట్టి, దాన్ని పాలీషులో ముంచి, చేయి ఎక్కడా ఆపకుండా చెక్క మీద తిప్పుతూ పోవాలి. చేయి ఆగితే అక్కడ మచ్చ పడుతుంది. ఒక్కో పూత అలా పడుతుంటే, బూడిద కొట్టుకుపోయిన ఆ చెక్కలోంచి ఎర్రటి చారలు పైకి తేలి వచ్చేవి. చుట్టూ ఎక్కడ చూసినా బీడుపడిన నేల తప్ప ఏమీ కనబడని రోజుల్లో నేను వాటిని చూస్తూ కూర్చునేదాన్ని.

మా వైపు గాలి సంగతి తెలిసిందే. పూత తడిగా ఉన్నప్పుడు దుమ్ము పడితే పని పాడు. అందుకని తలుపు, కిటికీ మూసి, సందుల్లో గోనె ముక్కలు కుక్కి లోపల పని చేసేవాళ్లం. గదంతా స్పిరిట్టు వాసన నిండిపోయేది. పూత వేస్తున్నంతసేపు మా నాయనకు ఏ ఇబ్బందీ లేదు. చేతికి పని ఉండేది. పూత అయ్యాక అది ఆరేదాకా ఖాళీగా కూర్చోవడమే ఆయనకు కష్టం. అప్పుడు ఆయన చూపు మాటిమాటికీ సీసా వైపు పోయేది. దానికి కూడా ఆయనే ఉపాయం చెప్పాడు.

"పూత ఆరేదాకా నన్ను ఇంట్లో ఉండనీయొద్దు పాపా. యాడికన్నా తీసుకపో."

మేము వంకకు పోయేవాళ్లం. ఎండిపోయిన వంక ఇసకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో తోడుకుని, చెరో కడవ మోసుకుని వచ్చేవాళ్లం. పోయి రావడానికి ఒక పూత ఆరేంత సమయం పట్టేది. మగవాడు కడవ నెత్తికెత్తుకున్నాడని దారిలో ఆడవాళ్లు ఎగతాళి చేస్తే, "మా ఇంట్లో నేను కోడల్ని" అని నవ్వేవాడు. ఆ నడకల్లోనే ఆయన బళ్లారి కబుర్లన్నీ చెప్పాడు. ఆయన నాతో అంతగా మాట్లాడింది ఆ రోజుల్లోనే.

ఆరేడు రోజులు గడిచాక ఒక పొద్దున ఆయన సీసా మీది గీత చూసి తల తిప్పుకోవడం గమనించాను. నాకు సిగ్గేసింది. కన్నతండ్రిని దొంగలా చూస్తున్నానే అనిపించి, ఇక గీతలు వద్దులే నాయనా అన్నాను. ఆయన ముఖం తేటపడింది. కానీ అమ్మకు భయం పోలేదు. ఆమె నన్ను పక్కకు పిలిచి, గోడవైపు ఉండే భాగంలో, సీసా వెనక గీత పెడుతుండమంది. నేను అలాగే చేశాను. నాయనకు చెప్పలేదు.

మొదటి పెట్టె పూర్తయింది. అందులో ముఖం కనిపించేది. రెండో పెట్టెకు ఇంకా మూడు పూతలు మిగిలాయి. ఆ రోజు పొద్దున నేను గీత పెట్టి, కరువు కోసం ఊళ్లో పెట్టిన గంజి కేంద్రానికి బయలుదేరాను. మా నాయన ఆ వరుసలో నిలబడేవాడు కాదు. చెక్క చెక్కే బాడిశ పట్టిన చేతితో గిన్నె చాపనని ఒకే పట్టు. అమ్మ కంకర దగ్గర ఉంటుంది కాబట్టి రోజూ నేనే పోయి ముగ్గురికీ గంజి తెచ్చేదాన్ని. ఎప్పుడూ ఆయన ఉప్పు కాగితం పట్టుకున్న వేళ చూసి పోయేదాన్ని. ఆ రోజు గాలి లేవకముందే పూత వేసేయాలని ఆయన తొందరపడ్డాడు. పూత అయ్యేలోపల వచ్చేస్తానని చెప్పి పరిగెత్తాను.

గంజి పోయించుకుని వెనక్కి తిరిగేసరికి, ఎవరో పుణ్యాత్ములు బెల్లం పంపించారనీ, పిల్లలకు తలా ఒక ముక్క ఇస్తారనీ అన్నారు. నేను మళ్లీ వరుసలో నిలబడ్డాను. వరుస కదలలేదు. పూత ఆరుతుంటుందని నాకు తెలుసు. నాయన ఒక్కడే ఆ వాసనలో ఉంటాడనీ తెలుసు. అయినా కదల్లేదు. బెల్లం రుచి చూసి ఎన్ని నెలలయిందో. చివరకు ఉసిరికాయంత ముక్క దొరికింది. ఇంటికి తెచ్చి ముగ్గురం పంచుకోవాలనుకున్నదాన్ని, దారిలోనే మొత్తం తినేశాను.

ఇంటికి వచ్చేసరికి తలుపు తీసి ఉంది. నాయన అరుగు మీద పడుకుని ఉన్నాడు. తల తిరుగుతోంది, గంజి వద్దు అన్నాడు. ఎండకు అలా అయిందేమోనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. లోపలికి పోయి సీసా చూడలేదు. సాయంత్రం అమ్మ వచ్చి ఆయన నుదురు పట్టి చూసింది.

మర్నాడు ఎండ వాకిట్లోకి వచ్చింది. అమ్మ పనికి పోవడానికి కొంగు బిగిస్తోంది. మంచం మీద లేచి కూర్చున్న నాయన అడిగాడు.

"ఏమే, ఇంగా తెల్లారలేదా? దీపమన్నా పెట్టల్లకదా."

అమ్మ కొంగు వదిలేసి ఆయన దగ్గరికి పరిగెత్తింది. నేను ఆయన ముఖం ముందు చేయి ఆడించాను. ఆ కళ్లు నా చేతిని దాటి ఎటో చూస్తున్నాయి.

అమ్మ ఆయనను అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. వాళ్లు బస్సెక్కాక నేను గదిలోకి పోయి సీసాను వెనక్కి తిప్పాను. స్పిరిట్టు నా గీతకు నాలుగు వేళ్లు కిందికి ఉంది. ఆ నాలుగు వేళ్లూ నేను బెల్లం కోసం నిలబడ్డప్పుడు తగ్గినవే. ఇంకెప్పుడూ తగ్గే వీలు లేదు. ఆ రోజు పూతకు కావలసింది వంచుకున్నాకే ఆ గీత నేను పెట్టి, నేరుగా గంజికి పోయాను.

మూడో రోజున వాళ్లు తిరిగి వచ్చారు. స్పిరిట్టు విషానికి కంటి నరాలు చచ్చిపోయాయనీ, చేయగలిగింది ఏమీ లేదనీ డాక్టరు చెప్పాడట. నాయనను మంచం మీద కూర్చోబెట్టి అమ్మ గుమ్మంలో కూలబడింది. నన్ను చూసి, "నువ్వు ఆ పొద్దు యాడికి పోయింటివే?" అని అడిగింది.  అప్పుడు మంచం మీంచి నాయన మాట వినిపించింది.

"పాపను ఏమీ అనొద్దు. నేను తాగింది ఆ పొద్దు కాదు. దానికి ముందురోజే తాగినా. వంక నుంచి వచ్చినాక, పాప ఆ పక్క ఉప్పు కాగితం ఏరుకుంటాంటే ఈ పక్క సీసా ఎత్తినా. ఆయమ్మి ఈడే ఉండాది, కనిపెట్టలేకపోయినాది. పక్కన ఉన్నా నన్ను ఎవురూ ఆపలేకపోయిందురు."

 వెనక గీత సంగతి ఆయనకు తెలియదు. అమ్మ నా వైపు తిరిగి, గీత ఏమైందని కళ్లతోనే అడిగింది. నేను లోపలికి పోయి, పావడ అంచుతో ఆ బొగ్గు గీత తుడిచేసి, సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఆ రెండు రోజులూ గీత పెట్టడం మరిచిపోయానన్నాను. అమ్మ చాలాసేపు ఏడ్చింది. పుట్టింటికి పోతానన్న మాట మళ్లీ ఎత్తలేదు. చూపు లేని మనిషిని విడిచి ఎక్కడికి పోతుంది?

రెండో పెట్టె మిగిలిన రెండు పూతలూ నా చేత్తో పడ్డాయి. మిగిలిన స్పిరిట్టంతా లక్కలో పోసేయమని నాయనే చెప్పాడు. పెట్టె పక్కన కూర్చుని వేళ్ల వెనకభాగంతో చెక్కను తడుముతూ, ఇక్కడ పలచబడింది, అక్కడ చేయి ఆగింది అని చెప్పేవాడు. పూత అయ్యాక నేను తొందరపడి ముట్టుకోబోతే, "ఆరనీ పాపా, ఆరల్ల" అనేవాడు. ఆరేదాకా నేను ఆయన చేయి పట్టుకుని వంకకు తీసుకుపోయేదాన్ని. కడవ మాత్రం ఆయనే మోసేవాడు. దారిలో ఆడవాళ్లు ఇప్పుడు ఎగతాళి చేయలేదు.

టాకీసు ఆయన వచ్చి రెండు పెట్టెలూ చుట్టూ తిరిగి చూశాడు. ఏది ఎవరు చేశారో ఆయన పోల్చుకోలేకపోయాడు. పని చాలా బాగుందన్నాడు. నాయన కళ్ల వైపు చూసి, పెట్టెలు బండికెత్తించుకుని పోయాడు. డేరాలో ఉద్యోగం మాట ఆయనా ఎత్తలేదు, మేమూ అడగలేదు. ఆ తర్వాత మా నాయన నులక మంచాలు అల్లుతూ పన్నెండేళ్లు బతికాడు. మళ్లీ చుక్క ముట్టలేదు. బెల్లం సంగతి నేను ఆయనకు చెప్పలేదు. తాను చెప్పింది అబద్ధమని నాకు తెలుసన్న సంగతీ చెప్పలేదు. చెబితే ఆయన నాకిచ్చినది వెనక్కి ఇచ్చేసినట్టు అవుతుందని అనిపించేది. అమ్మా నాయనా ఇద్దరూ పోయారు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

నేను మడకశిర వైపు కాపురానికి వచ్చి, గొర్రెల మందతో బతికినదాన్ని. నా కొడుక్కి తొమ్మిదేళ్లప్పుడు ఒకనాడు దొడ్డి తడిక వేయడం మరిచిపోయి ఆటకు పోయాడు. కుక్కలు పడి, ఈనడానికి దగ్గరపడిన రెండు గొర్రెల్ని చంపేశాయి. మా ఆయన కర్ర పట్టుకుని, తడిక ఎవరు వదిలేశారని అరుస్తూ వచ్చాడు. వాడు గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు. నేను పేడ చేతులతోనే లేచి, "నేనే. నీళ్లు పెట్టి వస్తా తడిక వేసేది మరిచిపోయినా" అన్నాను. మా ఆయన నన్ను తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టి పోయాడు. పిల్లవాడు నా ముఖంలోకి చూశాడు. నేను ఆ రోజు దొడ్డి వైపే పోలేదని వాడికి తెలుసు. వాడు వచ్చి, నాతోపాటు చచ్చిన గొర్రెను కాళ్లు పట్టి లాగాడు.