చల్లని పొడిలో ఉంచవలెను

నవంబరు నెల, రెండో శనివారం, ఉదయం. స్థలం: ఫిషింగ్ హార్బర్‌లో ఒక ఐసు ఫ్యాక్టరీ. హాజరైనవారు: నేను, అనగా పోర్టు స్టోర్సులో పనిచేసి రిటైరైన సూర్యనారాయణ, నాతో బడిలో చదువుకుని, వన్‌టౌన్‌లో గడియారాలు బాగుచేసుకుంటున్న కరీముల్లా, నా భార్య తమ్ముడూ ఆ ఫ్యాక్టరీ మేనేజరూ అయిన అప్పలరాజు, పాత సినిమాలను భద్రపరిచే సంస్థ నుంచి రైలు దిగి వచ్చిన సుజాతగారు, తుప్పు పట్టిన రేకు డబ్బాలు రెండు. గైరుహాజరు: నా బుద్ధి.

ఆనాటి డైరీలో ఇలాగే రాసుకున్నాను, చివరి మాట తప్ప. అది తరవాత కలిపాను.

బతికున్నవాణ్ణి చంపినవాళ్ళ కథలు మీరు పేపర్లో రోజూ చదువుతారు. తొంభై ఏళ్ళ కిందటే పోయినవాణ్ణి మళ్ళీ చంపినవాడి కథ చదివారా? అంత తేలికైన పని కాదది. ఓపిక కావాలి, క్రమశిక్షణ కావాలి, అన్నిటికంటే ముందు మంచి ఉద్దేశం కావాలి. మూడేళ్ళ కిందటి నా దగ్గర ఈ మూడూ పుష్కలంగా ఉండేవి. కొత్తగా రిటైరైన ఆ పెద్దమనిషి ఇంట్లో పప్పుల డబ్బాలకు కూడా చీటీలు అంటించేవాడు. కందిపప్పు డబ్బా మీద "కందిపప్పు" అని ఉండేది. లోపల కనిపిస్తూనే ఉంటుంది కదా అని మా ఆవిడ అడిగితే, "కనిపించడం వేరు, నమోదు కావడం వేరు" అని సెలవిచ్చేవాడు.

సంగతేమిటంటే, కరీముల్లా తాతగారు మూకీల కాలంలో డేరా సినిమా నడిపారు. తెర పక్కన కర్ర పట్టుకు నిలబడి, బొమ్మలో ఎవరేం అంటున్నారో తెలుగులో తనే చెప్పేవారట. రాజుగారి మాటలూ ఆయనవే, రాణిగారి ఏడుపూ ఆయనదే. రేవు తవ్వుతున్న రోజుల్లో ఎవరిదో కెమెరా దొరికితే, డేరా ముందు నిలబడి తన బొమ్మ కూడా తీయించుకున్నారు. ఆ తరవాత కొద్దికాలానికే జ్వరంతో పోయారు. అప్పటికి ఆయన కూతురు జైనబ్ ఉయ్యాల్లో ఉంది.

ఆ జైనబ్‌గారే కరీముల్లాకి ఫూఫీ, అంటే మేనత్త. తొంభై దాటిన మనిషి. తండ్రి ఫోటో ఒక్కటి కూడా లేదు. ఒక కంట్లో చూపు పోయింది, రెండోది పోయే దారిలో ఉంది. ఆ కన్ను ఉండగానే డబ్బాలో ఉన్న తండ్రి మొహం ఒక్కసారి చూడాలన్నది ఆవిడ కోరిక. వేరే కోరికలేమీ ఆవిడకి ఉన్నట్టు నాకు తెలియదు.

కరీముల్లా సంస్థకు ఉత్తరం రాశాడు. అటునుంచి సుజాతగారు ఫోన్ చేశారు. ఆ కాలం ఫిల్ము చటుక్కున అంటుకుంటుందనీ, బస్సులోనూ పార్సిల్లోనూ పంపకూడదనీ, తనే పెట్టె తీసుకుని వచ్చి పట్టుకెళ్తాననీ, శుభ్రం చేసి కాపీ తీసి ఫోన్లో కనిపించేలా పంపుతామనీ చెప్పారు. మన మూకీలు చాలావరకు ఇప్పటికే పోయాయట. కొన్ని తగలబడ్డాయి, కొన్నిటిని పూతలో ఉండే వెండి కోసం గీకేశారు, మిగతావి అటకల మీద పడి కుళ్ళిపోయాయి. మూకీలు కదా, ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యలేదు.

కరీముల్లాది రేకుల ఇల్లు. లోపల ఎండాకాలం పన్నెండు నెలలూ కాపురం ఉంటుంది. "నేను వచ్చేదాకా జాగ్రత్తగా పెట్టండి. చల్లగా ఉండాలి, పొడిగా ఉండాలి, అంతే" అన్నారు సుజాతగారు.

అంతే అన్నది ఆవిడ. అక్కడితో ఆగనిది నేను. ఆ బాధ్యత నాకు వదిలెయ్యమన్నాను. జీవితమంతా స్టోర్సులో చేసినవాణ్ణి, రెండు డబ్బాలు దాచలేనా అన్నాను. కరీముల్లా నా చెయ్యి పట్టుకున్నాడు కూడా. ఇప్పుడు ఆ చెయ్యి చూసుకుంటే ఒళ్ళు మండుతుంది.

స్వాధీనం చేసుకునేముందు సరుకు తనిఖీ చెయ్యాలి కదా. మూత తెరిచి, కొస విప్పి, కిటికీ వెలుగుకి పట్టి, భూతద్దంతో చూశాను. కరీముల్లా మొహం తిప్పుకున్నాడు. ఫూఫీ కంటే ముందు తను చూస్తే తప్పు అన్నాడు. నాకు అలాంటి పట్టింపులు లేవు. వెడల్పు కొలిచాను, అంచు చిల్లులు చూశాను, తుప్పు ఎక్కడ ఎంత ఉందో రాశాను. మధ్యలో తలపాగా చుట్టుకున్న మనిషెవరో అడ్డం వస్తున్నాడు. ఆయన్ని దాటి అంచు మీద ఏమైనా నంబరు ఉందేమో వెతికాను.

మొదట మా ఇంటి ఫ్రిజ్జు అనుకున్నాను. డబ్బా మూత తియ్యగానే మా ఆవిడ ముక్కు మూసుకుని, వర్షంలో తడిసిన మేజోళ్ళను ఏడాదిపాటు పెట్టెలో దాచినట్టుంది, నా పెరుగు పక్కన ఇది పెడితే నువ్వు కూడా దాని పక్కనే పడుకోవాలి అంది. అప్పుడు గుర్తొచ్చాడు అప్పలరాజు. వాడి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు దాచే గది పక్కన చిన్న గది ఉంది. చల్లగా, పొడిగా ఉంటుంది. ఇంకేం కావాలి.

ఇప్పుడు నా రాత కౌశలం గురించి చెప్పాలి. ఆఫీసులో మూడు లైన్ల నోటుని ఒక లైనుకి కుదించడంలో నన్ను మించినవాడు లేడని పేరు. "చల్లగానూ పొడిగానూ ఉండు చోట ఉంచవలెను" అని రాయడానికి నాకు మనసొప్పలేదు. గుమాస్తా రాసినట్టుంటుంది. అట్టముక్క మీద నల్ల సిరాతో, గుండ్రటి అక్షరాలతో, "చల్లని పొడిలో ఉంచవలెను" అని రాసి, డబ్బాలకు దారంతో కట్టి, ఆటోలో పంపాను. ఇడ్లీ పక్కన పెట్టేది కూడా పొడే అని ఆ క్షణంలో స్ఫురించలేదు. ఐసు ఫ్యాక్టరీలో ఆ మాటకి ఇంకో అర్థం ఉంటుందని అసలే తెలియదు.

సాయంత్రం అప్పలరాజు ఫోన్ చేశాడు. "బావా, డబ్బాలొచ్చాయి. పొడిలోనా, దిమ్మల కాడా?"

"చీటీ చదవలేదా? పొడిలోనే."

"చదివినాను. పొడి నిలవుండదు కద బావా. మారస్తా ఉండాలి."

ఇక్కడ ఒక ఆచారం మీకు చెప్పాలి. బావ అన్నవాడు బావమరిది ముందు "నాకు తెలియదు" అనకూడదు. అంటే పెళ్ళిలో కడిగించుకున్న కాళ్ళకు అర్థం ఉండదు. తేమని పీల్చే మందు పొడి ఏదో ఫ్యాక్టరీలో వాడతారు కాబోలు, సాంకేతిక విషయం, అనుకున్నాను. "మార్చాలి మరి. రోజూ మార్చు" అన్నాను, ఆ పొడిని నేనే కనిపెట్టినట్టు.

ఆ తరవాత ప్రతి సాయంత్రం ఫోన్ చేశాను. పొడిగా ఉందా అని నేను అడిగేవాణ్ణి. పొడిలోనే ఉంది బావా అని వాడు చెప్పేవాడు. భార్యాభర్తల మధ్య కూడా అంత ఏకాభిప్రాయం చూడలేదు. వెళ్ళి ఒకసారి చూసి రావచ్చు కదా అంటారేమో. హార్బర్లో చేపల వాసన పడదు నాకు.

ఆ శనివారం సుజాతగారు చేతికి తొడుగులు వేసుకుని, మెత్తలు కుట్టిన పెట్టె తెరిచి సిద్ధంగా నిలబడ్డారు. నేను చిన్న గది వైపు దారి తీశాను. అప్పలరాజు ఎదురుదిశలో నడిచాడు. వాడి చేతిలో పార ఉంది. పార ఎందుకో నాకు అప్పుడే అనుమానం రావలసింది.

ఐసు దిమ్మల్ని మరపట్టి, పడవల్లోకి పోసే పొడి ఐసు గుట్టగా పడి ఉంది. వాడు తవ్వడం మొదలెట్టాడు.

"వంజరం సేపక్కూడా ఇంత మర్యాద సెయ్యలేదు బావా" అన్నాడు గర్వంగా. "పొద్దుటా సాయంత్రం కొత్త పొడి ఏసి కప్పినాను."

డబ్బాలు బయటికి వచ్చాయి. రెండు మూతల సందుల్లోంచీ నీళ్ళు కారుతున్నాయి.

సుజాతగారు మూతలు తీశారు. మొదటి డబ్బాలో ఫిల్ము బెల్లం దిమ్మలా ముద్దయిపోయింది. రెండోదాంట్లో కొస దొరికింది. ఆవిడ నెమ్మదిగా లాగితే ఫిల్ము తెల్లగా, గాజులా, ఏ మచ్చా లేకుండా వచ్చింది. బూడిద రంగు జిగురు మాత్రం ఆవిడ తొడుగు మీద మిగిలింది. బొమ్మ ఉండేది పైనున్న పల్చటి పూతలోనట. పాతబడ్డాక దానికి నీళ్ళు తగలకూడదట. ఆవిడ తన వేళ్ళ వైపు చూసుకుని, "ఇదే సార్ బొమ్మ" అన్నారు.

"పొడి అన్నావు కద బావా" అన్నాడు అప్పలరాజు.

"పొడిగా అన్నాను."

"పొడిలో అని రాసినావు. అడిగినాను కూడా."

చీటీ ఇంకా డబ్బాకి వేలాడుతూనే ఉంది. సిరా నాణ్యమైనది. తాతగారు కరిగిపోయారు గానీ నా అక్షరం ఒక్కటి చెదరలేదు. సుజాతగారు చదివి, తల ఎత్తకుండా, "పొడిగా అంటే తడి లేకుండా అని నేను చెప్పాల్సింది" అన్నారు. నా తప్పుని కూడా ఎవరో మోస్తుంటే, అంతకంటే పెద్ద చెంపదెబ్బ ఉండదు. ఐసు తొక్కనేల, బొమ్మ కడగనేల అని కొత్త సామెత నాకక్కడే పుట్టింది. నవ్వే స్థితిలో పక్కన ఎవరూ లేరు.

సుజాతగారి ఖాళీ పెట్టె మూత కరీముల్లా తనే వేశాడు.

"ఫూఫీకి రేపు నువ్వే సెప్పు సూర్నారాయణా. నాను సెప్పలేను. రాత్రంతా మంచినీళ్ళు తాక్కుండా కూకుంది, ఇయాల ఆళ్ళ నాయన బయల్దేరతాడని."

మర్నాడు ఉదయం వన్‌టౌన్‌లో ఆ రేకుల ఇంటికి వెళ్ళాను. ఆవిడ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. శుభ్రమైన తెల్ల దుపట్టా వేసుకుంది. జరిగింది దాచకుండా చెప్పాను. చీటీ సంగతీ, పార సంగతీ కూడా చెప్పాను. ఆఫీసులో ఎప్పుడూ అంత పొడుగు నివేదిక ఇవ్వలేదు. ఒక్క మాట కూడా కుదించలేదు. ఆవిడ తిట్టలేదు. దుపట్టా సర్దుకుని అడిగింది.

"నువ్వు భూతద్దం ఎట్టి సూసినావంట కద. కరీం సెప్పాడు. మా నాయన ఎలా ఉన్నాడు?"

ప్రపంచంలో ఆ బొమ్మ చూసిన ప్రాణి ఇప్పుడు నేనొక్కణ్ణే. ఫిల్ము వెడల్పు చెప్పగలను. చిల్లుల ఆకారం చెప్పగలను. మొహం చూడలేదు. ఆవిడ తన ఒక్క కన్నూ నా మీద పెట్టి చూస్తోంది. నోటికొచ్చింది చెప్పేశాను.

"అచ్చం మీలాగే ఉన్నారమ్మా."

ఆవిడ నవ్వింది. నన్ను చూసి అంత జాలిగా ఎవరూ నవ్వలేదు.

"నానంతా మా అమ్మ పోలిక బాబూ. మా వీధి వీధంతా అదే అనీవోరు."

నేల వైపు చూశాను.

"తలపాగా ఉందా?" అంది.

"ఉందమ్మా."

"అదైనా నిజమేనా?"

"నిజమేనమ్మా."

"మరైతే తలపాగా దాకా సెప్పు. కిందికి దిగకు."

చెప్పాను. ఎన్ని చుట్లు కనిపించాయో, కొస ఎటు వేలాడిందో, తెలిసినంత చెప్పాను. ఆవిడ కన్ను మూసుకుని విన్నది.

అందుచేత, పాఠకుల సమక్షంలో, సముద్రం సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. పొడి అన్న మాటని ఇడ్లీ పక్కన తప్ప మరెక్కడా వాడను. బావమరిది అడిగితే, తెలియదు అని నలుగురిలోనూ ఒప్పుకుంటాను. ఎవరి తండ్రి గురించి ఎవరు అడిగినా, బతికినన్నాళ్ళూ, తలపాగా కిందికి దిగను.