వెనక గోడ మీద ఫోటో

ఆ మూడంతస్తుల భవనంలో ఆమెను అందరూ తాళంకప్ప అనేవారు. ఆమె పేటెంట్ లాయరు. కొత్త వస్తువు కనిపెట్టినవాళ్ళకు దాని మీద హక్కు ఇప్పించడం, వ్యాపార గుర్తులు రిజిస్టరు చేయించడం ఆమె పని. ఎవరు గుమ్మంలో అడుగుపెట్టినా, కుర్చీలో సర్దుకోకముందే మొదటి ప్రశ్న వచ్చి పడేది.

"ఇది ఇంతకుముందు ఎవరికైనా చూపించారా?"

లేదంటే ఆమె మొహం విప్పారేది. చూపించామంటే చీవాట్లు తప్పేవి కావు. లోకానికి ముందే తెలిసిపోయినదాని మీద పేటెంట్ రాదు. అరుదుగా కొన్ని నెలల వెసులుబాటు ఉంటుంది గానీ, అదీ దాటితే ఇక అంతే సంగతులు. బంధువుల ముందు గొప్పలకు పోయి హక్కు పోగొట్టుకున్నవాళ్ళ కథలు ఆమె దగ్గర కోకొల్లలు. అవి చెప్పి వచ్చినవాళ్ళను బెదరగొట్టడం ఆమెకు కాస్త సరదా కూడాను.

గది చిన్నది. ఒక బల్ల, ఫైళ్ళ బీరువా, వచ్చినవాళ్ళకు రెండు కుర్చీలు. ఆమె కుర్చీ వెనక గోడకు ఫ్రేము కట్టించిన పత్రిక ముక్క ఒకటి వేలాడేది. అందులోని ఫోటోలో ఆమె అన్నయ్య ఒక చక్రాల కుర్చీ పక్కన వంగి నిలబడి ఉంటాడు. కుర్చీలో అమ్మ పగలబడి నవ్వుతూ ఉంటుంది.

అన్నయ్యకు ఆసుపత్రి నేలమాళిగలో పని. విరిగిన మంచాలు, కుర్చీలు బాగుచేస్తాడు. అమ్మ లేవబోతుంటే కుర్చీ వెనక్కి జారి రెండుసార్లు పడింది. దాంతో ఆయన సీటు కింద ఒక స్ప్రింగు పెట్టి, మనిషి లేవగానే చక్రాలను బ్రేకు దానంతటదే పట్టేసేలా చేశాడు. అమ్మ పోయి ఏడాది దాటింది. కుర్చీ మాత్రం అన్నయ్య దగ్గరే ఉంది.

ఈమధ్య ఆ కుర్చీ ఒక ఆసుపత్రి సామాన్ల కంపెనీవాళ్ళ కంట పడింది. పేటెంట్ తెచ్చుకుంటే తయారుచేసే హక్కు కొంటామన్నారు, కొత్త వర్క్‌షాపు కూడా ఆయన చేతికే అప్పగిస్తామన్నారు. ఇరవయ్యేళ్ళుగా చెమ్మ గోడల మధ్య పనిచేసిన మనిషి ఎండ పడే గదిలోకి వెళ్తాడు. అన్నయ్య పైకి ఏమీ అనలేదు గానీ, వదిన అప్పుడే వీధంతా చెప్పేసింది.

లాయరమ్మ పని మొదలుపెట్టింది. రాసింది చూసి అన్నయ్య తల పట్టుకున్నాడు.

"కూర్చునే ఆధారమేంటే? కుర్చీ అనడానికి నీకేం రోగం?"

"కుర్చీ అని రాస్తే ఇంకొకడు స్టూలుకి బిగించుకుని నాది వేరంటాడు. ఇలా రాస్తే పారిపోవడానికి వాడికి సందుండదు. నీకు తెలీదు, ఊరుకో అన్నయ్యా."

అందరినీ అడిగే ఆ మొదటి ప్రశ్న మాత్రం ఆయన్ని అడగలేదు.

దరఖాస్తు సిద్ధమైన వారంలోనే ఒక ప్లంబరు వచ్చాడు. నీళ్ళు కారని కుళాయి ఒకటి కనిపెట్టి, పక్కింటి నుంచి వీధి చివరిదాకా అందరిళ్ళలోనూ బిగించి వచ్చాడట. ఆమె యథాప్రకారం ఉతికి ఆరేసింది. అతను తల వంచుకోకుండా ఆమె భుజం మీదుగా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"మరి ఆయన చూపించాడు కదా మేడం?"

"ఎవరు?"

"మీ వెనకాయన. స్ప్రింగు ఎక్కడ పెట్టాడో, బ్రేకు ఎలా పడుతుందో అంతా కింద రాశారు కూడా."

ఆమె వెనక్కి తిరిగింది. ఆ వార్త వచ్చి రెండేళ్ళు దాటింది. విలేకరికి ఫోన్ చేసి పిలిపించింది ఆమే. స్ప్రింగు సంగతి విడమరచి చెప్పిందీ ఆమే. అన్నయ్య గురించి నలుగురికీ తెలియాలని ఆనాడు ఆమెకు ఒకటే ఆరాటం. ప్లంబరును రేపు రమ్మని పంపేసి, ఫ్రేము సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి బయలుదేరింది.

అన్నయ్య అంతా విన్నాడు.

"గోడ మీంచి తీసేస్తే సరి. ఎవడు చూడొచ్చాడు?"

"పాత పత్రికలు తవ్వి ఎదుటివాళ్ళ పేటెంట్లు ఎన్ని కొట్టేయించానో నీకు తెలీదు. నాలాంటిదే ఇంకొకతి తవ్వుతుంది. అయినా తెలిసి తెలిసి దాచిపెట్టి సంతకం చెయ్యలేను."

"ఊరందరికీ చెప్తావు కదే నోరు మూసుకోమని. నాకెందుకు చెప్పలేదు?"

"అప్పుడు నువ్వు పేటెంట్ కోసం వచ్చావా? అమ్మ నవ్విందని చెప్పడానికొచ్చావు. నేనూ ఆ నవ్వు దగ్గరే ఆగిపోయాను."

అన్నయ్య అప్పటికే బిగిసి ఉన్న నట్టును మళ్ళీ బిగిస్తూ కూర్చున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది. మెట్లెక్కి వచ్చేసింది.

కంపెనీవాళ్ళకు ఆమే కబురు చెప్పింది. వాళ్ళు మర్యాదగా విన్నారు. పేటెంట్ లేనప్పుడు హక్కు కొనాల్సిన పనిలేదు, కుర్చీలు మేమే చేసుకుంటాం అన్నారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. తన కక్షిదారులకైతే ఆమె ఇచ్చే సలహా కూడా అదే.

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా వదినే ఎత్తి, మీ అన్నయ్య స్నానం చేస్తున్నారు అనేది. ఆ నాలుగు నెలల్లో అన్నయ్య చేసినన్ని స్నానాలు జన్మలో చేసి ఉండడు. ఆమె ఫోటోను ఎదుటి గోడకు, తన కళ్ళకు తగిలేలా మార్చుకుంది. మొదటి ప్రశ్న అడగడం మానలేదు. కథలు చెప్పి బెదరగొట్టడం మాత్రం మానేసింది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నయ్యే ఫోన్ చేశాడు.

"మా ఆసుపత్రికి కొత్త కుర్చీలొచ్చాయే. ఆ కంపెనీవే."

ఆమె చేతిలోని పెన్ను కింద పెట్టింది.

"వాళ్ళూ మన బ్రేకే పెట్టారు. గడప ఎక్కించేటప్పుడు సీటు ఎగిరితే మనిషి లేచాడనుకుని పట్టేస్తోంది. నిన్న ఒకావిడ ముందుకు తూలిపోయింది. మనింట్లో గడపల్లేవు కదా, అప్పుడు నాకూ తెలీలేదు."

"మరి?"

"మరేముంది, సరిచేశాను. ఎన్నిసార్లు ఎగరేసినా పట్టట్లేదు. లేస్తేనే పడుతోంది."

ఆమె అప్రయత్నంగా కుర్చీలోంచి లేచింది. ఈ మార్పు ఏ పత్రికలోనూ రాలేదు. నోట్లోంచి ఆ ప్రశ్న దానంతటదే వచ్చింది.

"అన్నయ్యా, ఇది ఇంతకుముందు ఎవరికైనా చూపించావా?"

"మీ వదినక్కూడా చెప్పలేదు. తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నా. నువ్వు తొందరగా రా." ఒక క్షణం ఆగి అన్నాడు. "వచ్చేటప్పుడు ఏ విలేకరినీ తీసుకురాకు."