అల తెగకుండా రావాలన్న మా పోలయ్య బావ

గ్రూపులో ఉన్నవాళ్లందరూ ముందుగా క్షమించండి. నా చేతిరాతే బాగుండదు. ఇక ఫోన్‌లో తెలుగు టైపింగ్ సంగతి చెప్పక్కర్లేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నిన్న పొద్దున మా చెల్లెలు రమణమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, ఆయన లేవట్లా" అంది.

రొయ్యల గుంట గట్టు మీద ఉన్నాను. మేత తట్ట చేతిలోనే ఉండిపోయింది.

నిద్రలోనే బావ గుండె ఆగిందట. సాయంత్రానికి సాగనంపేశాం. నాకింకా నమ్మకం కుదరడం లేదు.

నాకు మాటలు తక్కువ. పోలయ్య బావకీ తక్కువే. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఊరుకుంటే, మాకు అవే కబుర్లు.

బావ జీవితమంతా సముద్రం మీద బోటు నడిపాడు. గుండెకు స్టెంట్ వేశాక డాక్టర్ గారు ఇక బోటెక్కొద్దన్నారు. ఒడ్డున కూర్చుని పోయే బోట్లను చూడలేకపోయాడు. నెల్లూరు వెళ్లి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ తెచ్చుకున్నాడు. అందులో బోటు నడిపే గేమ్ ఒకటి ఉంది.

గేమ్ బాగానే ఉంది. అల మాత్రం సాఫీగా వచ్చేది కాదు. లేచేది, ఆగేది, ఎగిరి ఇంకోచోట పడేది.

"అల తెగతా ఉండాది బావా. సముద్రంలో యాడన్నా అల తెగద్దా?" అన్నాడు.

ఆయనకు కావలసింది గెలుపు కాదు. ఒక్క అల పూర్తిగా రావాలి.

స్క్రీన్ మీద బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డట. అది పాతది. కొత్తది కొనే స్తోమత లేదు. ఉన్న కార్డునే కంపెనీ పెట్టిన స్పీడు కంటే ఎక్కువ పరిగెత్తించవచ్చని, దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని వీడియోలు చూసి నేర్చుకున్నాడు.

స్పీడు కొంచెం పెంచేవాడు. గేమ్‌లో తుఫాను పెట్టేవాడు. తాను టెంపరేచర్ చూస్తూ, నన్ను అల చూడమనేవాడు. తెగితే నేను వేలెత్తాలి. నా ఉద్యోగం అదే.

స్క్రీన్ మీద రంగు చుక్కలు లేచాయంటే కార్డు తట్టుకోలేకపోతోందని లెక్క. వెంటనే తగ్గించేవాడు.

ఒకరోజు కార్డు మరీ కాలిపోతోంది. బావ లేచి వెళ్లి చేపల థర్మోకోల్ పెట్టె నిండా ఐసు తెచ్చాడు. కంప్యూటర్ తలుపు తీసి, ఐసు మీదుగా టేబుల్ ఫ్యాన్ తిప్పాడు. టెంపరేచర్ దిగింది. ఇద్దరం సంతోషపడ్డాం.

మా సముద్రపు గాలిలో చల్లటి దేనికైనా చెమట పడుతుందని పుట్టినప్పటి నుంచి తెలిసినవాళ్లమే. గుర్తు రాలేదు. కార్డు మీద నీటి బొట్లు లేచాయి. స్క్రీన్ నల్లబడింది.

రమణమ్మ వచ్చి చూసింది. "అది చేపనుకున్నావా ఏమయా, ఐసులో పెట్టి దాచేదానికి?"

బావ కార్డు ఊడదీసి తడి లాగుతుందని బియ్యం డబ్బాలో పూడ్చాడు. రోజూ మూత తీసి చూసి మళ్లీ పెట్టేవాడు.

అదృష్టం, బతికింది. ఈసారి బుద్ధిగా ఫ్యాన్‌లో పట్టిన ఉప్పు, దుమ్ము దులిపి, వేడి లాగే లోపలి పేస్టు మార్చి, స్పీడు మళ్లీ మొదటి నుంచి పెంచుకుంటూ వచ్చాడు.

పోయిన నెల ఒక పొద్దున, అల లేచింది. వంగింది. విరిగి నురగై ఒడ్డుదాకా వచ్చింది.

నేను వేలెత్తలేదు.

బావ చాలాసేపు అట్లాగే చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఇంకా పెంచచ్చు బావా. వద్దులే. దానికీ ఊపిరాడాల."

ఆ స్పీడు ఎప్పుడూ సేవ్ చేయలేదు. ఒడ్డుకొచ్చాక ఇంజన్‌ని ఎందుకు కష్టపెట్టాలి అనేవాడు. కంప్యూటర్ ఆపితే మామూలు స్పీడుకు వచ్చేసేది. మళ్లీ కూర్చున్నప్పుడు చేత్తో పెంచుకునేవాడు. నంబర్లన్నీ ఆయనకు నోటికే వచ్చు, ఎక్కడా రాసిపెట్టలేదు.

ఇవాళ పొద్దున రమణమ్మ కంప్యూటర్ పెట్టమంది. ఇన్నాళ్లూ దాన్ని తిట్టిపోసిన మనిషి. పెట్టాను.

బోటు వచ్చింది. అల లేచి, మధ్యలోనే తెగింది.

"ఆయన పెట్టినట్టు పెట్టన్నా" అంది.

నాకు రాదు.

బావతో గేమ్ ఆడినవాళ్లు, ఫోన్‌లో సలహా చెప్పినవాళ్లు మీలో ఉన్నారు. కార్డు స్పీడు ఎంతదాకా పెంచేవాడో ఎవరితోనైనా అని ఉంటే రాయండి.

పోయిరా బావా. నువ్వు చేరిన చోట గాలీ నీళ్లూ నీకు నెమ్మదిగా ఉండాలి.

జవాబు తొందరగా పెట్టండి. చెల్లెలు స్క్రీన్ ముందే కూర్చుని ఉంది.